ముదరనిచ్చిన జింక

రాజన్న బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. పోయిన శుక్రవారం మన కఫీల్ సేటు ఒక చుట్టాన్ని వెంటబెట్టుకుని ఈ మజ్రా పొలంలోకి జింకల వేటకు వచ్చాడు.

యుద్ధమప్పుడు కువైట్ చమురు బావుల పొగకు ఇక్కడ సౌదీలో మధ్యాహ్నమే చీకటయ్యేది. అందరూ దమ్మామ్ వెళ్లిపోయినా నువ్వు కదల్లేదు. తొట్లలో తేలిన మసి తీసి జింకలకు నీళ్లు పెట్టావు. యుద్ధమయ్యాక కఫీల్ తుపాకీతో వస్తే అడ్డం నిలబడ్డావు.

"మేకలను లోపలికి రానియ్యద్దని చెప్పురా, గడ్డి మొలుస్తది. పడుచు జింక పోతులను కొట్టద్దు, ముదరనియ్యమను" అన్నావు. ఆ మాట నేను ఆయనకు అరబీలో చెప్పాను. ఎందుకో, ఆయన విన్నాడు.

శుక్రవారం ఆ చుట్టం ఒక పడుచు పోతుకు గురిపెట్టాడు. కఫీల్ తుపాకీ గొట్టం పట్టుకుని కిందికి వంచాడు.

"లా, లా, వద్దు. ఇది చిన్నది. రాజన్న ఉంటే ఒప్పుకోడు" అన్నాడు.

చాలాసేపటికి తుమ్మచెట్ల చాటు నుంచి ముసలి పోతు బయటికి వచ్చింది. దాన్నొక్కదాన్నే కొట్టారు. మిగతావి గడ్డిలోకి పారిపోయాయి. దాక్కునేంత గడ్డి ఉంది బావా ఇప్పుడు!

అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆయన మాట ఇన్నడా సేటు?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

కంచెను వాగు అవతలికి జరపమన్నాడు కఫీల్. రేపటి నుంచి గుంతలు తవ్వాలి. అటంతా ఉత్త ఇసుకే. గడ్డి ఎట్లా మొలిపించాలో నాకు తెలుసు.

నీ మల్లేశ్