టాంకీ కోసం వేసిన కండె

వడోద్, సూరత్

పెద్దక్కకు నీ చెల్లె రాజవ్వ కాళ్ళు మొక్కి రాసేది. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? ఫోన్లో మాట నీ చెవికి సరిగా అందడం లేదు కనుక రాస్తున్నాను. మేమంతా బాగున్నాం. నా కొడుకు శీను బట్టల మిల్లుకు పోతున్నాడు. వాడి బిడ్డ అక్షిత కూడా ఇప్పుడు బాగుంది, బెంగపడకు. ఎండలు మండుతున్నాయి. పప్పులో బెల్లం వేసే ఊరు ఇది, నా నాలుక ఇంకా ఒప్పుకోలేదు.

అక్షితకు జబ్బు ఎందుకు చేసిందో నీకు చెప్పలేదు. మా గల్లీలో మంచినీళ్ళ ఫిల్టరు ఉంది కదా, అది ఏదో దూరదేశం వాళ్ళు పెట్టించింది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగదు. మనల్ని ఒక్కసారి కూడా చూడనివాళ్ళు మనం తాగే నీళ్ళ గురించి ఆలోచించారంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మొదట వాళ్ళు హంసాబెన్ అనే గుజరాతీ ఆమెను పెట్టి నడిపించారు. మహా కోపిష్టి. మూత లేని క్యాన్ తెస్తే వెనక్కి పంపేది, నన్నూ పంపింది. కాని ప్రతి సోమవారం నీళ్ళ టాంకీ కడిగించేది.

తరువాత, నడిపేవాళ్ళను ఇక గల్లీవాళ్ళే ఎన్నుకోవాలన్నారు. అది ఆ దేశం వాళ్ళ నియమమట. మాలో చదువు రానివాళ్ళే ఎక్కువ కనుక చీటీలకు బదులు ఇంటికొక ఖాళీ మిల్లు దారం కండె ఇచ్చారు. ఒక డబ్బామీద హంసాబెన్ ఫోటో, ఇంకో డబ్బామీద మన తెలంగాణ దిక్కు నర్సయ్య ఫోటో. నర్సయ్య బతుకమ్మకు పూలు తెచ్చిపెడతాడు, పెద్దమ్మా అని పిలుస్తాడు. మనవాడు కదా అని కండె అందులో వేశాను. మనవాళ్ళందరూ అట్లాగే వేశారు.

గెలిచాడు, టాంకీ కడగడం మరిచాడు. నీళ్ళు వాసన వచ్చినా, మనవాణ్ణి ఏమంటాంలే అని ఊరుకున్నాం. అక్షిత వాంతులతో మూడు రోజులు దవాఖానాలో పడి ఉంది. ఆ మూడు రోజులూ కండె వేసిన నా చేతినే చూసుకుంటూ కూర్చున్నాను అక్కా.

పోయిన వారం ఆ దేశం దొరసాని వచ్చి మాతోపాటు చాపమీద కూర్చుంది. ఆమె మాటలు ఒక అమ్మాయి హిందీలో చెప్పింది. హంసాబెన్‌నే మళ్ళీ పెట్టిపొమ్మని అందరం బతిమాలాం. దొరసాని ఒప్పుకోలేదు.

"నీళ్ళు బాగుండాలని నాకూ ఉంది. కాని మీరు ఎన్నుకున్న మనిషిని ఇవాళ నేను తీసేస్తే, రేపు మీకు నచ్చిన మనిషినీ తీసేయగలను. మార్చాలంటే మీరే అడగాలి" అంది.

సముద్రాలు దాటి వచ్చిన మనిషి, సొమ్ము ఆమెది, అయినా 'నా చేతిలో లేదు' అంటుంటే నమ్మలేకపోయాను. మళ్ళీ ఎన్నుకుందాం అనేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎదురుగా నర్సయ్య ఉన్నాడు. ఎవరూ ఎత్తలేదు. నా చెయ్యే ముందు లేచింది.

"పెద్దమ్మా, నువ్వు గూడనా?" అన్నాడు.

"నువ్వు మంచోనివే బిడ్డా. గని టాంకీ కడుగుతలేవు. మా పిల్ల సచ్చి బతికింది."

పక్కింటి లచ్చవ్వ వెనకనుంచి అందుకుంది. "పిల్లి అరిస్తె గూడ భయపడ్తది గీ రాజవ్వ. గామెనే చెయ్యెత్తినంక మనకేందే?"

అందరూ నవ్వారు, నవ్వుతూనే చేతులెత్తారు.

మర్నాడు పొద్దున నర్సయ్య తానే బ్రష్ పట్టుకుని టాంకీలోకి దిగాడు. హంసాబెన్ కూడా వచ్చి పైన నిలబడి "కోనా దేఖో, కోనా" అంటూ మూలలు చూపించింది.

ఆదివారం మళ్ళీ ఓటు. కొత్త కండె బియ్యం డబ్బాలో దాచి రోజుకు పదిసార్లు చూసుకుంటున్నాను. హంసాబెన్ చేతిలో నీళ్ళు బాగుండేవి, కాని ఆమెను ఏదైనా అడగాలంటే మాకు భయం. నర్సయ్య నీళ్ళు పాడుచేశాడు, కాని నేను అడిగితే టాంకీలోకి దిగాడు. ఎటు వేయాలో తేలడం లేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే జర పుంటికూర తొక్కు పంపించు, ఈ తీపి పప్పులో నంజుకుంటాను. బావకు, పెద్దవాళ్ళందరికీ నా దండాలు. పిల్లలకు దీవెనలు. ఆదివారం పొద్దున మీ దేవుడి గూట్లో ఒక దీపం పెట్టు అక్కా, ఈసారి నా చెయ్యి తప్పు చేయకూడదు.

నీ చెల్లె
రాజవ్వ