నలభై మూడో పేజీలోని మేస్త్రీ గురించి

స్టేడియం కార్యదర్శి గారి సముఖమునకు, పిచ్ పనిలో ముప్పయ్యారేళ్ళు చేసి దిగిపోయిన ముసలివాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: స్టేడియం చరిత్ర పుస్తకంలోని తప్పులు అచ్చుకు పోకముందే దిద్దించుట గురించి.

1. గుమాస్తా గారు చూపించిన ప్రతిలో, ఏడో పేజీన, స్టేడియం రాకముందు ఇక్కడ పచ్చిక బయలు ఉండెనని ఉన్నది. కాదు. ఇటుక బట్టీ. పిచ్ తవ్వినప్పుడల్లా పెళ్ళలు ఏరినది మేమే.

2. తూర్పు గ్యాలరీ రెండేళ్ళలో లేచినదన్నారు. నాలుగేళ్ళు పట్టినది. పోనీండి, ఇది దిద్దకపోయినా ఫర్వాలేదు.

3. నలభై మూడో పేజీ. మనవాళ్ళు గెలవబోయే టెస్టు, పిచ్ తడిసి రద్దయిన సంగతి. "మైదానం మేస్త్రీ అశ్రద్ధ వలన" అని వ్రాసినారు. ఆ మేస్త్రీ మా బావ, నా భార్యకు సొంత అన్న.

వాస్తవము ఏమనగా, వాన వెలిశాక, పిచ్ తడవకుండా కప్పిన పట్టా మీద నీళ్ళు నిలుస్తాయి. మెరక వైపు అంచు ఎత్తాలి, నీళ్ళు పల్లానికి జారి బయటికి పోతాయి. జనం కేకలకి కంగారుపడి నేను పల్లం వైపు అంచు ఎత్తాను. నీళ్ళన్నీ వెనక్కి మళ్ళి సరిగ్గా బంతి పడే చోట పడ్డాయి.

బావ పరుగెత్తుకొచ్చి నా చేతిలో అంచు లాక్కున్నాడు. "నోరెత్తకు బావా, నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు" అన్నాడు. అంచు ఎవరు ఎత్తారని పెద్దలు అడిగితే "నేనేనండీ" అన్నాడు. ఆ సాయంత్రమే ఆయన్ని పంపేశారు. జనం ఆయనింటి మీద రాళ్ళు వేశారు. నేను నోరు మెదపలేదు.

4. కనుక మేస్త్రీ అన్నచోట నా పేరు వేయగోరుచున్నాను. పేరు తమ రిజిస్టరులో ఉన్నది.

గుమాస్తా గారు "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా పెద్దాయనా? వాన వల్ల అని వేసేద్దాం, అందరికీ బాగుంటుంది" అన్నారు. వద్దండి. వాన అప్పటికి వెలిసి గంటయింది.

మూడు రోజులుగా తమ గేటుదాకా వచ్చి తిరిగిపోతున్నాను. "ఏంటయ్యా, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంటోంది మా ఆవిడ. ఆమెకింకా చెప్పలేదు.

సోమవారం అచ్చుకి పోతుందట. ఆలోపునే ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ రోజు పట్టా అంచు ఎత్తినవాడు

మరొక మాట: బావకి చూపు పోయింది. "నా గురించి ఏం రాశారో చదివి వినిపించు బావా" అని కూర్చున్నాడు. చదవాల్సింది నేనే. "అశ్రద్ధ" అన్న ఆ లైను దాటేసి చదివినా ఆయనకి తెలీదు. దాటేస్తానేమోనని భయంగా ఉందయ్యా. తొందరగా దిద్దించండి.