తల ఊపాను

డిసెంబర్ 9, సోమవారం

మా హోమ్‌స్టేలో పోలండ్ వాళ్ళు దిగారు. భార్య, భర్త, మూడేళ్ళ లీనా. కాఫీ తోటలు చూడడానికి వచ్చారట. రోజూ మా ఆయన జీపులో పెదబయలు వైపు తిరగాలి. అంతసేపు పాపను తిప్పలేరు. వైజాగ్ హోటల్లో ఒక ఆయాను పెట్టుకుంటే, ఆమె పాపను టీవీ ముందు కూర్చోబెట్టి, బయట తాళం వేసి వెళ్ళిపోయిందట. అప్పటి నుంచి ఆ తల్లికి ఎవరి మీదా నమ్మకం లేదట.

మా ఆయన నన్ను చూపించి, నా భార్య టెన్త్ పాస్, అంగన్‌వాడీలో చేసింది అని చెప్పేశాడు. నేను చదివింది ఐదు. తర్వాత అడిగితే, ఏటే, పిల్లనాడించడానికి సర్టిఫికెట్ సూత్తారేటి, నువ్వు తలూపీ సాలు అన్నాడు.

డిసెంబర్ 10, ఉదయం 7

లీనా వాళ్ళమ్మ ఒక కాగితం ఇచ్చింది. రెండు వైపులా ఇంగ్లీషు. ఒక చోట ఎర్ర పెన్నుతో రెండు గీతలు. అక్కడ వేలు పెట్టి, నా కళ్ళలోకి చూస్తూ చాలాసేపు చెప్పింది. ఓకే? అంది. తల ఊపాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాను. నాకు సిగ్గేస్తే తల దానంతటదే ఊగుతుంది.

జీపు వెళ్ళిపోయింది.

అదే రోజు, సాయంత్రం

ఏమీ కాలేదు. లీనా, మా అమ్మాయి చిట్టి ఇద్దరూ కోడిపిల్లల వెంట పడ్డారు. లీనాకి వాళ్ళమ్మ డబ్బాలో పెట్టింది తప్ప ఇంకేమీ పెట్టలేదు. మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా భయమేసింది. ఆ ఎర్ర గీతలు నీళ్ళ గురించే అయితే?

ఆయన్ని చదవమన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పాడు. టూరిస్టులతో గడగడా మాట్లాడతాడు గానీ ఇంగ్లీషు అక్షరాలు రావు. జాగర్తగా సూసుకో అని రాసుంటాదిలే, ఇంకేటుంటాది అన్నాడు.

డిసెంబర్ 11

కాగితం జాకెట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఎర్ర సిరా కొంచెం అలుక్కుపోయింది.

డిసెంబర్ 12

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున చిట్టి తన వేరుశనగ బెల్లం అచ్చు విరిచి, సగం లీనా నోటి దగ్గర పెట్టింది. ఆ పిల్ల నోరు తెరిచింది. నేను లాగేసుకున్నాను. ఎందుకో తెలీదు. చిట్టిని ఒకటి వేశాను కూడా. ఇద్దరూ ఏడ్చారు. ఇక ఉండలేకపోయాను. లీనాను గుడ్డతో వీపున కట్టుకుని, చిట్టి చెయ్యి పట్టుకుని మిషన్ స్కూలుకి నడిచాను. మూడు కిలోమీటర్లు. నేను ఐదు దాకా చదివింది అక్కడి లిదియా టీచర్ దగ్గరే.

టీచర్ కాగితం చదివి కళ్ళజోడు తీసేసింది. ఈ పాపకి వేరుశనగ పడదే, ఒక్క గింజ తిన్నా గొంతు వాసిపోతాది, ఊపిరాడదు అంది. ఏటే అలా సూత్తావు, ఏటైనా పెట్టీసావేటే అని అరిచింది. లేదని చెప్పాను. అచ్చు ముక్క ఇంకా నా కొంగు ముడిలోనే ఉంది. దాన్ని పొదల్లోకి విసిరేసి, బోరింగు దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

తిరిగొచ్చేసరికి జీపు ఇంటి ముందుంది. టైరు పంక్చరై సగం దారిలో వెనక్కి వచ్చేశారట. లీనా వాళ్ళమ్మ చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరుగెడుతోంది. నన్ను చూసి పిల్లని లాగింది. గుడ్డ ముడి ఊడలేదు. పిల్లతో పాటు నన్నూ ఈడ్చింది. ఆమె భర్త ఫోన్లో పోలీస్ అంటున్నాడు. మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, ఎక్కడికెల్లిపోనావే, సంతకెల్లేనని సెప్పు బేగి అన్నాడు. ఆమెతో కూడా అదే అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. తల ఊపితే అయిపోయేది. ఊపలేదు. కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. నో ఇంగ్లీష్ అన్నాను. టెన్త్ నో. టీచర్ రీడ్. ఎర్ర గీతల మీద వేలు పెట్టి, నా గొంతు నేనే పట్టుకుని చూపించాను.

ఆమె గుడ్డ ముడి విప్పి, పాపతో గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. లోపల సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు.

మా ఆయన నాతో మాట్లాడడం లేదు.

డిసెంబర్ 13, ఉదయం

వాళ్ళు వెళ్ళిపోలేదు. ఆమె మా వంటగదిలోకి వచ్చి ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసింది. వేరుశనగ గింజలూ నూనె క్యానూ తీసుకెళ్ళి జీపులో పెట్టేసింది. ఇవాళ తోటకి వెళ్ళదట, పాప దగ్గరే ఉంటుందట. నన్ను నమ్మిందో లేదో తెలీదు.

సాయంత్రం 4

నీళ్ళకి బయల్దేరితే చిట్టి వెంటపడింది. ఆమె చిట్టి చెయ్యి పట్టుకుని, నేను చూసుకుంటాలే అన్నట్టు తన గుండె మీద వేలు పెట్టుకుంది. ఓకే? అంది.

తల ఊపాను.

సగం దారి వెళ్ళాక, చిట్టి సంగతి ఆమెకి ఏమీ చెప్పకుండానే తల ఊపానని తట్టి, ఖాళీ బిందెతో వెనక్కి పరుగెత్తాను.