ఎర్ర రిబ్బను కట్టిన పుట్ట

సిద్దిపేట

చిన్నమ్మకు,

కాలి కట్టు రోజూ మారుస్తున్నావని తలుస్తాను. ఫోనులో చెబితే నవ్వుతావని రాస్తున్నాను.

మీ చెలక గట్టు మీది పుట్టలో చెదలు ఒక బూజును పెంచుకుంటాయి. అందులో కొత్త మందు దొరుకుతుందేమోనని మా కాలేజీలో వెతుకుతున్నాం. మొదట తెచ్చిన బూజు ముక్క, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని క్రిమిని చంపింది. ఇంకా కావాలి కాబట్టి, ఎవరూ ముట్టకూడదని పుట్టకు ఎర్ర రిబ్బను చుట్టి వచ్చాను.

నిన్న వెళ్లేసరికి రిబ్బనుకు గాజులు కట్టి ఉన్నాయి. కింద గుడ్లు, కుంకుమ. కన్నాల నిండా పసుపు కలిపిన పాలు. పార తీయబోతే మీ పక్క చెలక దుర్గవ్వ, "చెప్పులిడిసి రా బిడ్డా, గీడ తల్లి కొత్తగ వెలిసింది" అన్నది. విడిచాను. పక్కగా కొంచెం తవ్వి చూస్తే, ఆ పాలకు లోపల బూజంతా కుళ్లిపోయింది.

నీ పుండు మానాలని మొదటి పాలు నువ్వే పోశావట. ఆ మధ్య నేను దూదితో తీసుకెళ్లిన నీ పుండు చీములోదే, మందులకు లొంగని ఆ క్రిమి.

బోరు దగ్గర ఇంకో పుట్ట ఉంది. దానికి ఏమీ కట్టను. దారిన పోతూ నువ్వు కూడా దానికి దండం పెట్టకు, ఎవరైనా చూస్తారు.

నీ అక్క బిడ్డ