మూడో పేరు

ప్రియమైన ఓపల్‌కి,

తుంటి విరిగి మంచాన ఉన్న మీ అక్కకూ, ఆమెను లేవనెత్తుతున్న నీ చేతులకూ ప్రభువు బలమివ్వాలి. ఇక్కడ నేను క్షేమం. ‘అందరం’ అని రాయబోయి ఆగాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. టమాటాలు మంచు పడకముందే కోసి, పేపర్లలో చుట్టి నేలమాళిగలో పెట్టాను. ఇక ఇల్లు. పంతొమ్మిదేళ్ళుగా అద్దెకున్నామని యజమాని కొడుకు ముందు మనకే అమ్ముతానన్నాడు, అదీ నెలాఖరు దాకే. తర్వాత గుర్రాలు పెంచే దొరలకట. ముందుగా సొమ్ము కట్టనక్కర్లేని సర్కారు పల్లె రుణం మనకొస్తుందా అని నీ బెంగ. జిల్లాలో తూర్పు సగమంతా అద్దాల మేడలూ, వాషింగ్టన్ కొలువులూ అయినా, కొండకు ఈ పక్కనున్న మనం ఇంకా పల్లె కిందే లెక్కట.

మూడోది, తమ్ముడు డెల్మర్ వేళకు తింటున్నాడా అని. ఇది ఫోనులో చెప్పలేను. ఫోను పట్టుకుంటే నా గొంతు ప్రసంగంలోకి పోతుంది. తప్పు ఒప్పుకోవడానికి కలమే నయం.

బ్యాంకావిడ ఫోను చేసి, “మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమందండీ? రుణంలో పేరు లేకపోయినా, వాళ్ళ రాబడి లెక్కలోకొస్తుంది,” అంది. కొండకవతల రాష్ట్రంలో మన వెర్నన్‌కి ఏమైందో గుర్తుందిగా? కొడుకు జీతం కలిపేసరికి రాబడి హద్దు దాటాడని రుణం పోయింది. నా లారీ జీతం, స్కూలు వంటగదిలో నీ జీతం, వాటి మీద డెల్మర్ క్వారీ పెన్షన్.

“ఇద్దరమేనమ్మా. నేనూ, నా భార్యా.”

“ఇంకెవరూ లేరా?”

“ఎవరూ లేరు.”

నీ తమ్ముడెక్కడని దేవుడడిగితే, తమ్ముణ్ణి చంపిన కయీను కనీసం తెలియదన్నాడు. నేను తమ్ముడే లేడన్నాను.

డెల్మర్ చెవుడు కోసం మన ఫోనెప్పుడూ స్పీకరులోనే కదా. అతను ఎదురుగానే కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు. కత్తి కడిగి, తుడిచి, చోట్లో పెట్టాడు. సాయంత్రానికి పెరట్లోని ఆ చక్రాల ఇల్లు, తన ట్రెయిలర్‌ని బండికి తగిలించాడు.

“ఎక్కడికిరా?” అని అరిచాను.

“నువ్వు బోధకుడివన్నా. నీ మాట అబద్ధం కాకూడదు.”

తీసుకెళ్ళి చర్చి వెనక నిలుపుకున్నాడు.

మూడు రోజులు నాకు తిండి దిగలేదు. నాలుగో రోజు బ్యాంకుకెళ్ళి నిజం చెప్పేశాను. ఆవిడ పట్టిక చూసి నుదురు పట్టుకుంది.

“అయ్యా, ఏ జిల్లా హద్దు ఆ జిల్లాదే. ఇక్కడి ధనవంతుల జీతాలతో పాటు మీ హద్దూ పైకి పోయింది. మీ తమ్ముణ్ణి కలిపినా బోలెడు చోటుంది. ఎందుకు దాచారు?”

చూశావా, ఓపల్? ఇరవై ఏళ్ళు ఏ ధనవంతుల మీద నిప్పులు కురిపించానో, వాళ్ళ పుణ్యాన నా తమ్ముడికి చోటుంది. లేదన్నది నేనే.

పత్రం మళ్ళీ రాయాలంది. మూడో పేరుకెదురుగా అతని సంతకం కావాలి. పట్టుకెళితే, “లేనివాడు సంతకమెలా పెడతాడన్నా?” అని తలుపేసుకున్నాడు.

ఆదివారం బైబిలు మూసిపెట్టి, సంఘం ముందు జరిగిందంతా చెప్పాను. వెనక బల్ల నుంచి అతని కేక: “గట్టిగా చెప్పన్నా, వినబళ్ళా!” అందరూ నవ్వారు. మళ్ళీ చెప్పాను. “ఇంకాస్త!” మూడోసారి, “నాకు తమ్ముడున్నాడు,” అని అరిచాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతను నడుచుకుంటూ వచ్చి వేదిక మీదే సంతకం పెట్టాడు. “ఇది వదిన కోసం,” అన్నాడు.

ఇల్లు దక్కుతుందనే బ్యాంకావిడ అంటోంది. నాకు సంతోషించే ఓపిక లేదు. అతని గదిలో పక్క వేసి ఉంచాను. ట్రెయిలర్ ఇంకా చర్చి వెనకే ఉంది. రోజూ పొద్దున కాఫీ పట్టుకెళ్ళి తలుపు తడతాను. కప్పు తీసుకుని తలుపేసుకుంటాడు. నిన్న మాత్రం ఖాళీ కప్పు తనే తెచ్చి, మన వంటింట్లో కడిగి, తన కొక్కేనికి తగిలించి వెళ్ళాడు.

ఆ కొక్కెం కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇట్లు,
నీ భర్త, డెల్మర్‌కి అన్న,
ఆర్విల్