చింతపండు పెట్టి తోమిన నాణేలు

సెంబవాంగ్,
సింగపూర్,
జూలై 8

ప్రియమైన హరికృష్ణ అన్నయ్యగారికి,

మీకు ఫోనులో సరిగా వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మా వారి, అదే మీ స్నేహితుడి మతిమరుపు బాగా ముదిరింది. కన్నకూతురు ప్రణవిని నర్సు అనుకుంటున్నారు. అయినా, ఓడల్లో పనిచేసే రోజుల్లో మీరిద్దరూ రేవురేవునా వెతికి పోగేసిన పాత అమెరికా రాగి సెంట్లు ఉన్నాయి చూడండి, సాయంత్రం అవి ముందు పరిస్తే చాలు, మనిషి మళ్లీ మనిషయ్యేవారు. "రాధా, ఇది పద్దెనిమిది వందల పదిహేడుది. తల బొమ్మ చుట్టూ చుక్కలు లెక్కపెట్టు, పదమూడా పదిహేనా" అనేవారు. రోజు మొత్తంలో నా పేరు పలికేది ఆ కాసేపే.

మొన్న ఒకటి కంటి దగ్గర పెట్టుకుని "ఏడాది కనబడటం లేదే" అని బాధపడ్డారు. అప్పుడు పూజ సామాను తోముతున్నాను. అదే చేత్తో నాణేలన్నీ చింతపండు, ఉప్పు పెట్టి తోమేశాను. తళతళలాడాయి. మురిసిపోతూ ముందు పెడితే "ఇవి నావి కావు" అని తోసేశారు. అప్పటినుంచి నన్నూ పేరు పెట్టి పిలవడం లేదు.

ప్రణవి ఇక్కడి యాసలో "నెవర్ మైండ్ లా మమ్మీ, పాత రాగేగా" అంటుంది. ఆ పాత రంగు మళ్లీ ఎలా తెప్పించాలో చెప్పండి.

మీ చెల్లెలు,
రాధ

కాకినాడ,
జూలై 20

ప్రియమైన చెల్లెమ్మా,

ముందు నిన్ను బాగా తిట్టుకున్నాను. మా ఇంట్లో మీ వదిన చింతపండు పెట్టి తోమని రాగి చెంబు ఒక్కటైనా ఉందా అని చూశాక నోరు మూసుకున్నాను.

రెండు వందల ఏళ్లు గాలి తగిలితే వచ్చిన రంగు అమ్మా అది. తెప్పించడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మందు పూసి నల్లబరిచేవాళ్లున్నారు గానీ మన మధుసూదనరావు ఒక్క చూపులో పట్టేస్తాడు.

సింగపూర్ వస్తున్న మా మేనల్లుడు అనిరుధ్ చేత నా సెంటు ఒకటి పంపుతున్నాను. ముదురు గోధుమరంగుది. అది తనదేనని మీ ఆయనతో చెప్పు. అబద్ధమాడిన పాపం నాకే రానీ. నీ పేరు పలికాడా లేదా, వెంటనే రాయి.

నీ అన్నయ్య,
హరికృష్ణ

సెంబవాంగ్,
ఆగస్టు 3

ప్రియమైన అన్నయ్యగారికి,

నాణెం చేరింది. కాఫీ తాగాక ఆయన చేతిలో పెట్టి, "మీదేనండీ" అన్నాను. అంచు చుట్టూ వేలు తిప్పారు. ముఖం విచ్చుకుంది. ఎన్నాళ్లయిందో ఆ ముఖం చూసి! పిలుస్తారని ఆశగా కూర్చున్నాను.

"ఇది మా హరికృష్ణది" అన్నారు. "ఇదిగో నొక్కు. ఓడ మెట్ల మీద జారవిడిచి ఏడ్చాడు వెధవ." ఎంత నవ్వారో! నేనూ నవ్వాను అన్నయ్యగారూ, ఏడుపు ఆపుకోలేక.

అప్పుడు నావైపు తిరిగారు. ఇక్కడి దుకాణాల్లో చిల్లర ఇచ్చినట్టు రెండు చేతులతో మర్యాదగా నాణెం నాకు అందించారు. "వాడు వెతుక్కుంటుంటాడు. మీకు శ్రమ ఇస్తున్నాను గానీ, కాస్త వాడికి పంపిస్తారా అమ్మా?" అన్నారు.

నలభై ఏళ్ల కాపురంలో నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. నేనేం చేయను? "అలాగేనండీ, తప్పకుండా" అన్నాను. శుక్రవారం అనిరుధ్ కాకినాడ తిరిగి వస్తున్నాడు. నాణెం అతని చేతికే ఇస్తున్నాను.

మీ చెల్లెలు,
రాధ