మెడలో మొదటి ఎముక

12-8-68, సోమవారం

నా తెలుగు గొప్పది కాదు. ఈ పుట మన్నించాలి. పగలు కచేరీలో దస్తావేజులకు నకళ్ళు, రాత్రి చదువు. నలభై మూడో ఏట పట్టా పుచ్చుకున్నవాడి భాష ఇంతకంటే నిగ్గు తేలదు.

సైకిలు మీదినుంచి పడి తొమ్మిదో రోజు. మెడ తిరగదు. నేటినుంచి కుడిచేతి రెండు వేళ్ళకు స్పర్శ లేదు. కలం జారిపోతోంది...

సాయంత్రం ఎముకలు సరిచేసే అప్పన్న వచ్చాడు. నా వెనుక కూర్చుని పుర్రె కింద బొటనవేళ్ళతో తడిమాడు. "గుమస్తాబాబూ, మెడ ఒదిలీండి. కొయ్యలాగ బిగేసినారేటి? ఇదిగో... మొదటి ఎముక ఎడంపక్కకి నువ్వుగింజంత జరిగిపోనాది. లచ్చివారం పొద్దున వస్తాను. ఒక్క తిప్పు."

ఒక్క తిప్పు! ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి.

13-8-68, మంగళవారం

విజయనగరం. ఎక్స్‌రే. నోరు తెరిపించి తీశారు. చిన్న డాక్టరు వెలుతురుకు పట్టి చూశారు. ఎముక ఓ పక్కకు జరిగినట్టుంది. తల ఒరిగి ఉండటం వల్ల అలా కనిపించి ఉండవచ్చు కూడానట. ఫిల్ము నా చేతికే ఇచ్చారు, శుక్రవారం పెద్ద డాక్టరుకు చూపాలి. అంతవరకు ఎవరూ మెడ తిప్పరాదు. తప్పు వైపు తిప్పితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, ఊపిరే ఆగవచ్చు.

ఏ పక్కకు? అడగలేదు. పట్టభద్రుణ్ణి — నామోషీ. అర్థమైనట్టు తల ఊపబోయాను. ఊగలేదు.

14-8-68, బుధవారం

ఫిల్మును కిటికీకి పట్టి చూశాను. ఎముక కుడికి జరిగి ఉంది. స్పష్టంగా. జరిగింది కుడికని బావమరిది రామ్మూర్తి చేత అప్పన్నకు కబురు పంపాను. "సదువుకున్నోరు, ఆరి మాటే కానీ" అన్నాడట.

ఇల్లాలు సన్నమ్మ: "అన్నిసార్లు ఏటి సూస్తారు? అందులో ఉన్నాది మీ పుర్రే కదా, దేవుడి పటమేటి?"

అదే రోజు, దీపాల వేళ

ఫిల్ము చేజారింది. తీసి మళ్ళీ పట్టాను. ఎముక ఎడమకు ఉంది! తిరగేశాను — కుడికి. మళ్ళీ — ఎడమకు. ముందేదో వెనుకేదో తెలిపే గుర్తు మూలల్లో ఎక్కడా లేదు. పైగా, ఎదుట నిలిచినవాడి ఎడమ నాకు కుడి కాదా? అప్పన్న నా వెనుక కూర్చున్నాడు. అతని ఎడమ నా ఎడమే.

నేను ఏమని కబురు పంపాను...

15-8-68, గురువారం

సెలవు. ఆసుపత్రిలో ఎవరూ చూడరు. మూడో వేలు కూడా మొద్దుబారింది. రేపటివరకు ఆగితే చెయ్యి మిగులుతుందా?

అప్పన్న వచ్చాడు. నూనె వెచ్చబెడుతున్నాడు. "కుడిపక్కకే కదా బాబూ? మీ కాయితం మాటే సేస్తాను. నా ఏలు మట్టుకు ఒప్పుకోట్నేదు."

"నాకు తెలియదు" — నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు. "ఉండు, చిన్న పని" అని గదిలోకి వచ్చి ఇది వ్రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

పిలుస్తున్నాడు.

నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే దీన్ని మొదట రామ్మూర్తి చదవాలి. వెంటనే పెద్ద డాక్టరు గారికి చూపాలి. అప్పన్న వేలు చెప్పిన ఎడమ నా ఎడమ అని విన్నవించాలి. పిదప సన్నమ్మకు చదివి వినిపించాలి, ఒక్క మాటా విడవకుండా. అప్పన్నను ఎవరూ ఏమీ అనరాదు. కుడి అన్నది అతను కాదు. నేను.